కిర్లోస్కరు అంటే మనిషి పేరట

కిర్లోస్కరు అనేది ఒక మనిషి ఇంటిపేరని నాకు తెలిసేసరికి తలలో సగం వెంట్రుకలు నెరిసినాయి. అంతదాకా అది మా బావిగడ్డన ఉండే ఆకుపచ్చ ఇంజను పేరు, అంతే. ఆయిల్ ఇంజను అనే మాట మా ఊళ్ళో బ్యాంకు కాగితాల్లో కనపడేదేమో గానీ ఎవరి నోటా వినపడేది కాదు. వేరే కంపెనీది తెచ్చుకున్నవాళ్ళు కూడా "మా కిర్లోస్కరులో డీజిలు అయిపోయింది, అర లీటరు సర్దప్పా" అనే అడిగేవాళ్ళు. మా జేజి అయితే "కిలోసుకరు" అనేది. అందులో కిలో ఉంది కదా, తూకానికి దానికి ఏదో లంకె ఉంటుందని నేను చాన్నాళ్ళు అనుకున్నాను.

మాది అనంతపురం జిల్లా. వాన సంగతి చెప్పనక్కరలేదు. ఇంజను రాకముందు మా బావికి కపిల ఉండేది. చూడనివాళ్ళ కోసం చెబుతున్నా: తోలుతో కుట్టిన పెద్ద బాన, దాని అడుగున తొండం లాంటి తోలుగొట్టం, లావుపాటి మోకు, ఒక జత ఎద్దులు. ఎద్దులు వాలుబాటలో కిందికి దిగితే బాన పైకొచ్చి తొండంలోంచి తొట్టిలోకి నీళ్ళు కుమ్మరిస్తుంది. ఎద్దులు వెనక్కి వెనక్కి నడిచి బాట ఎక్కితే బాన మళ్ళీ బావిలోకి పోతుంది. దిగేటప్పుడు మా అబ్బ మోకు మీద కూచునేవాడు, తన బరువు కూడా ఎద్దులకు సాయంగా. ఎక్కేటప్పుడు దిగి, వాటి మొహాలకు ఎదురుగా నిలబడి, మాట్లాడుతూ వెనక్కి నడిపించేవాడు. తెల్లారుజామున మూడింటికి మొదలుపెడితే పొద్దు నెత్తికెక్కేసరికి ఎద్దుల నోట నురగ, మా అబ్బ కాళ్ళల్లో వణుకు. తడిసింది ఎంతంటే, ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి మడులు ఇంకా పగిలే ఉండేవి.

నేను మూడో తరగతిలో ఉండగా మా నాయన భూమి తనఖా బ్యాంకులో అప్పు తీసుకుని ఇంజను తెచ్చినాడు. దాన్ని టౌను నుంచి మోసుకొచ్చింది ఆ కపిల ఎద్దులే, బండి మీద. మా అబ్బ అప్పుడే అన్నాడు, "పాపం, దాయాదిని వాటి చేతనే మోయించినావు కదరా" అని.

చిన్నాయన పది దాకా చదివినాడు. ఇంజను ఒంటికి కొట్టిన రేకు మీద రాసింది బిగ్గరగా చదివి వినిపించినాడు. అయిదు గుర్రాల బలం, నిమిషానికి 1500 చుట్లు. మా అబ్బ దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చినాడు. "అయిదు గుర్రాలా? యాడుండాయిరా?" అన్నాడు. తమాషాకు అన్నాడో నిజంగానే అడిగినాడో ఇప్పటికీ తేల్చుకోలేను.

దాన్ని లేపడం ఒక తతంగం. ముందు పంపులో నీళ్ళు నింపాలి. బావిలోకి దిగే గొట్టం అడుగున ఉండే ఫుట్‌వాల్వు దగ్గర ఏ చిన్న సందున్నా పోసిన నీళ్ళు పోసినట్టే బావిలోకి జారిపోతాయి. దానికి మందు పేడనీళ్ళు. బక్కెట్లో పేడ కలిపి పోస్తే ఆ పీచు పోయి సందులో కూచుంటుంది. ఏ ఇంజనీరు రాసిన పుస్తకంలోనూ ఉండదు గానీ మా వైపు ఆ విద్య రానివాడు లేడు. తరువాత ఇంజను నెత్తి మీది చిన్న లివరు ఎత్తిపెట్టాలి. అది ఎత్తితే లోపల గాలి నొక్కుకోదు, హ్యాండిలు తేలిగ్గా తిరుగుతుంది. తిప్పి తిప్పి చక్రం ఊపందుకున్నాక రెండోవాడు టక్కున లివరు వెయ్యాలి. గాలి ఒక్కసారిగా నొక్కుకుని, ఆ వేడికి డీజిలు అంటుకుని, మొదట ఒక దగ్గు, నల్లటి పొగ, ఇంకో దగ్గు, ఆపైన డుబుడుబుడుబు. హ్యాండిలు పట్టేటప్పుడు బొటనవేలు తక్కిన నాలుగు వేళ్ళ పక్కనే పెట్టాలి, చుట్టి పట్టకూడదు. ఎదురు కొడితే మణికట్టు విరుగుతుంది. మా చిన్నాయన చెప్పించుకుని కూడా చుట్టి పట్టినాడు. రెండు నెలలు పిండికట్టుతో తిరిగినాడు. తప్పు ఆయనదే, ఆయనే చెప్పుకునేవాడు, కొంచెం గర్వంగా కూడా.

మొదటిరోజు ఊరంతా వచ్చింది. డెలివరీ పైపులోంచి చెయ్యి లావు నీళ్ళు దూకుతుంటే పిల్లలమంతా కేకలు. మా అబ్బ మాత్రం తొట్టి గట్టున కూచుని దోసిట్లో నీళ్ళు పట్టి వాసన చూసినాడు. నోట్లో పోసుకుని ఉమ్మేసినాడు. "నీళ్ళు వస్తాండాయి. సారం లేదు" అన్నాడు.

ఆయన లెక్క ఆయనకుంది. కపిల నీళ్ళు బావిని నొప్పించకుండా తోడిన నీళ్ళు. ఇంజను నీళ్ళు పొగలో, ఇనుములో దూరి వచ్చిన నీళ్ళు, వాటిలో ఏదో చచ్చిపోతుంది, పైరు ఎదుగుతుంది గానీ గింజ పట్టదు. మా నాయన వాదించలేదు. కింద మడులు రెండు ఆయనకు వదిలేసినాడు. ఆ పంటకారు అంతా పైమడులకు ఇంజను, కిందమడులకు కపిల. కోతకొచ్చినాక రెండు కుప్పలూ విడివిడిగా కొట్టించి, తూర్పార పట్టించి, మా అబ్బే చాటతో గింజలు తీసి చూసుకున్నాడు. ఏమీ అనలేదు. మరుసటి వారం కపిలబాన విప్పదీసి మాదిగపల్లెకు తీసుకుపోయినాడు. రెండు జతల చెప్పులు కుట్టించుకొచ్చినాడు, ఒకటి తనకు, ఒకటి మా నాయనకు. ఇంజను గురించి మా ఇంట్లో జరిగిన చర్చ అదే మొదలు, అదే ఆఖరు.

దాని చుట్టూ మా పిల్లకాయల బతుకు ఎంత అల్లుకుందంటే, ఎవరి పొలంలో ఎవరి ఇంజను ఆడుతోందో మంచంలో పడుకునే చెప్పేవాళ్ళం. ఒకదానిది పొడిదగ్గు, ఒకదానిది పెద్దమనిషి నడక. మాది ఇరవై దెబ్బలకొకసారి ఒక దెబ్బ మింగేది. ఆ మింగడం తప్పితే మా నాయన నిద్రలోనే లేచి కూచునేవాడు. బెల్టు జారినప్పుడల్లా గుగ్గిలం పొడి చల్లేవాళ్ళు. ఆ వాసన, డీజిలు వాసన, తడిమట్టి వాసన కలిసి ఒక వాసన ఉంది. దానికి పేరు లేదు.

ఇంకోటి ఉంది, అది మా అదృష్టం. ఇంజనును చల్లబరచడానికి పంపు నీళ్ళలోంచే సన్నగొట్టం ఒకటి దాని ఒంట్లోకి పోయి ఇంకోపక్కన బయటికి వస్తుంది. ఆ నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. పుష్యమాసం చలిలో తెల్లారి అయిదింటికి ఆ గొట్టం కింద కూచుని స్నానం చెయ్యడం ఎట్లా ఉంటుందో, గీజర్ల కాలంవాళ్ళకు నేనెట్లా చెప్పేది. మా జేజి పొయ్యి మీద నీళ్ళు కాచడమే మానేసింది. "కిలోసుకరు కాడికి పొండి" అనేది.

ఎండాకాలం మాత్రం కష్టం. పంపు ఎంత గుంజినా ఇరవై, ఇరవై అయిదు అడుగులకు మించి నీళ్ళను పైకి పీల్చలేదు. పైన గాలి నొక్కే బలమే అంత. కిర్లోస్కరు అయినా, ఇంకెవరు చేసినా ఆ లెక్క మారదు. బావిలో నీళ్ళు దిగేకొద్దీ ఇంజనూ దిగాలి. బావి లోపల రాతి అరుగు కట్టి, మోకులు కట్టి, పదిమంది పట్టి దాన్ని దించేవాళ్ళు. పొగగొట్టం పైదాకా తియ్యకపోతే కింద ఉన్నవాడు స్పృహ తప్పుతాడు. పక్క ఊళ్ళో ఒకాయన అట్లాగే పోయినాడు. ఆ వేసవి నుంచి మా నాయన ఒక్కడే బావిలోకి దిగకుండా ఎవరో ఒకరిని గట్టున కాపలా పెట్టేది మా అమ్మ. ఎక్కువసార్లు ఆ కాపలా నేనే.

ఇదంతా అడుగున పడిపోయిన చాలా ఏళ్ళకు, మా అమ్మాయికి పుణెలో ఉద్యోగం వచ్చింది. మిరజ్‌లో బండి మారి పుణె పోతున్నాం. సాంగ్లీ దాటినాక ఒక చిన్న స్టేషనులో బండి ఆగింది. కిటికీలోంచి చూస్తే పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు, కిర్లోస్కర్‌వాడి. నేను గట్టిగానే నవ్వినట్టున్నాను, మా ఆవిడ గిల్లింది. ఇంజనుకు ఒక ఊరుందా! ఎదురుగా కూచున్న పెద్దాయనకు నా హిందీలో మా బావి కథ చెప్పినాను. ఆయన ముఖం వికసించింది. "ఇక్కడికి దగ్గర్లోనే కృష్ణ పారుతుంది. మీ దేశానికే వస్తుంది" అన్నాడు. ఆ తరువాత పుణె దాకా ఆయన చెప్పినాడు, నేను విన్నాను. ఇంటికొచ్చి దొరికినకాడికి చదువుకున్నాను.

ఆ ఊరికి పేరిచ్చిన మనిషి లక్ష్మణరావ్ కిర్లోస్కర్. 1869 జూన్ 20న బెళగాం దగ్గర గుర్లహోసూరులో పుట్టినాడు. తండ్రి వేదాంతం చదివిన మనిషి. కొడుక్కి బడి చదువు ఎక్కలేదు, బొమ్మలంటే మోజు. బొంబాయి పోయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరినాడు. అక్కడ తేలిందేమంటే, ఆయన కంటికి కొన్ని రంగులు సరిగ్గా తెలియవు. చిత్రకారుడు కావాలనుకున్నవాడికి అంతకంటే దెబ్బ ఏముంటుంది? ఆయన కుంచె పక్కనపెట్టి యంత్రాల గీతలు గీయడం నేర్చుకున్నాడు. వాటికి రంగులతో పనిలేదు. ఆ చదువుతోనే బొంబాయి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పంతులైనాడు. ఇది చదివినప్పుడు నాకు మా ఇంజను రంగు గుర్తొచ్చింది. ఆ ముదురాకుపచ్చ ఆయన కంటికి ఎట్లా కనపడి ఉండేదో.

బొంబాయిలో సైకిలు చూసి ముచ్చటపడి, 1888లో అన్న రామచంద్రతో కలిసి బెళగాంలో సైకిళ్ళ దుకాణం పెట్టించినాడు. ఈయన బొంబాయిలో కొని పంపడం, అన్న అక్కడ అమ్మడం. కిర్లోస్కర్ బ్రదర్స్ అనే పేరు అట్లా వచ్చింది. పంతులు ఉద్యోగంలో తనకు రావలసిన పెద్ద పదవి ఇంకొకరికి పోయేసరికి విసిగి బెళగాం వచ్చేసినాడు. వచ్చి చేసిన మొదటి వస్తువు గడ్డి కత్తిరించే మిషను. రెండోది ఇనుప మడక.

ఇక్కడ నేను చదవడం ఆపి కాసేపు కూచున్నాను.

మామూలు కొయ్యమడక నేలను గీకుతుంది. సాలుకూ సాలుకూ మధ్య గట్టినేల అట్లాగే మిగిలిపోతుంది, అందుకే అడ్డం ఒకసారి, నిలువు ఒకసారి, మూల వాటంగా ఒకసారి దున్నాలి. రెక్క ఉండే ఇనుప మడక అట్లా కాదు, మట్టిని కోసి ఎత్తి తిరగేస్తుంది. కింది మన్ను పైకి, గరికవేళ్ళు ఎండకు. నల్లరేగడిలో పాతుకున్న గరికకు ఇంతకంటే మందు లేదు. అప్పట్లో అవి ఇంగ్లాండు నుంచి వచ్చేవి. లక్ష్మణరావు వాటిని చూసి, మన ఎద్దులకు మన నేలకు సరిపడేట్టు, కర్రు అరిగితే అదొక్కటే మార్చుకునేట్టు పోత పోయించి చేసినాడు. చేసి పెట్టుకున్నాడు. కొనేవాడు లేడు. ఇనుము నేలకు విషమని రైతులు నమ్మినారు. మొదటి మడక అమ్ముడుపోవడానికి రెండేళ్ళు పట్టిందట.

రెండేళ్ళు! ఆ రెండేళ్ళూ కొట్టంలో వరసగా పేర్చిన మడకలు, చూసిపోయే రైతులు. వాళ్ళల్లో కనీసం ఒకడైనా మన్ను చేతిలోకి తీసుకుని వాసన చూసి, మా అబ్బ లాగానే "సారం పోతుంది" అని ఉంటాడు. వాళ్ళను మూఢులని రాసినవాళ్ళున్నారు. నాకు ఆ మాట రుచించదు. పంటపోతే ఏడాది పస్తుండాల్సింది ఆ రైతు, మడక చేసినవాడు కాదు. అయినా అది బెళగాం రైతుల వరసే కాదు. అమెరికాలో చార్లెస్ న్యూబోల్డ్ అనే ఆయన 1797లో పోత ఇనుము నాగలికి పేటెంటు తీసుకుంటే అక్కడి రైతులూ ఇదే మాట అన్నారు, ఇనుము నేలను చెరుస్తుందని.

నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది వేరే ఉంది. మా అబ్బ ఇంజను నీళ్ళను ఉమ్మేసినాడు గానీ, ఇనుప మడక మాత్రం మేడి పట్టి దున్నుతూనే పెరిగినాడు. మా కొట్టంలో గోడకు ఆనించి ఉండేది, కర్రు తెల్లగా అరిగి. దాని మీద ఆయనకు ఏ అనుమానమూ లేదు. అంటే ఆయన కంటే ముందు, మా ఇంట్లోనే ఎవరో ఒకరు ఆ ఇనుమును చూసి తల అడ్డంగా ఊపి, తరువాత చూద్దాంలే అని రెండు మడులు దున్నించి ఉంటారు. ఆయన పేరు కూడా మాకు తెలియదు.

మడకలు నెమ్మదిగా అమ్ముడుపోవడం మొదలైనాక ఇంకో అడ్డం వచ్చింది. కొత్త పేట కోసమని బెళగాం మునిసిపాలిటీ ఆ కర్మాగారం ఉన్న జాగా ఖాళీ చెయ్యమంది. అప్పుడు ఆదుకున్నది ఔంధ్ సంస్థానం రాజా బాలాసాహెబ్ పంత్ ప్రతినిధి. సూర్యనమస్కారాలను ఊరూరా ప్రచారం చేసిన రాజు ఆయనే. ఆయన స్వయంగా చిత్రకారుడు కూడా. రంగులు తెలిసిన రాజు, రంగులు తెలియని కమ్మరికి సాయం పట్టినాడన్నమాట. కుండల్ రోడ్ అనే రైల్వేస్టేషను దగ్గర 32 ఎకరాల నేల ఇచ్చి, పదివేల రూపాయలు వడ్డీ లేకుండా అప్పిచ్చినాడు. నేలంటే నాగజెముడు డొంకలు, నాగుపాములు. 1910 మార్చి 10న అక్కడ కిర్లోస్కర్‌వాడి మొదలైంది. కొన్నాళ్ళకు స్టేషను పేరూ అదే అయింది.

పాతిక కుటుంబాలతో గుడారాల్లో, రేకుల కింద కాపురం పెట్టిన ఆ తొలి ఏళ్ళ గురించి మరాఠీవాళ్ళు కథలుగా చెప్పుకుంటారు. రైలు పెద్దాయన కూడా ఎక్కువసేపు దాని మీదే ఉన్నాడు. నాకు నిలిచిపోయినవి రెండే. ఒకటి, ఆ ఊళ్ళో అంటరానితనం పనికిరాదని లక్ష్మణరావు మొదట్లోనే కచ్చితంగా చెప్పేసినాడట. రెండు, జైలుకు పోయొచ్చినవాళ్ళను తెచ్చి కాపలా పని అప్పగించినాడట. "దొంగకు తాళాలిచ్చినాడు. ఒక్క మేకు కూడా పోలేదు" అన్నాడు పెద్దాయన, అక్కడికి ఆయనే ఇచ్చినట్టు.

మడకల తరువాత చెరుకు గానుగలు, చేతిపంపులు, 1920లలో పెద్ద పంపులు. 1941లో తుంగభద్ర ఒడ్డున హరిహర్‌లో లేతు మిషన్ల కర్మాగారం. మా నీళ్ళ ఇంజను మాత్రం ఆయన చేతిది కాదు, కొడుకుది. శంతనురావ్ అమెరికాలో ఎంఐటీలో చదువుకుని వచ్చి తండ్రి పక్కన పని నేర్చుకున్నాడు. 1946లో పుణెలో ఆయిల్ ఇంజన్ల కంపెనీ, అదే ఏడు బెంగుళూరులో కరెంటు మోటార్ల కంపెనీ పెట్టినారు. లక్ష్మణరావు 1956 సెప్టెంబరు 26న పోయినాడు. మా బావి దగ్గరికి ఆయన పేరు వచ్చేనాటికి ఆయన పోయి చాలా ఏళ్ళు.

ఆ కరెంటు మోటార్లే మా ఇంజనుకు ఎసరు తెచ్చినాయి. ఎనభైలలో మా పొలానికి లైను వచ్చింది. బటను నొక్కితే చాలు. హ్యాండిలు లేదు, లివరు లేదు, పొగ లేదు. గోరువెచ్చటి నీళ్ళూ లేవు. కొన్నాళ్ళు కరెంటు పోయినప్పుడు ఇంజను వేసేవాళ్ళు. బోర్లు పడి, బావి ఎండిపోయినాక ఆ పనీ పోయింది. గోనెపట్టా కప్పి కొట్టంలో పెట్టినారు. కోళ్ళు దాని మీద పడుకునేవి.

మా అబ్బ అప్పటికి చూపు తగ్గి మంచాన ఉన్నాడు. ఒకరోజు మా నాయనను పిలిచి, "దాన్ని ఊరికే పెట్టొద్దు. ఇనుము కూచుంటే కుళ్ళుతుంది" అన్నాడు. అప్పుడు మా ఇంట్లో ఎనిమిది పాడిబర్రెలు. మా నాయన టౌనుకు పోయి చొప్ప కత్తిరించే మిషను ఒకటి తెచ్చి, కొట్టంలోనే ఇంజను పక్కన బిగించి, పాత బెల్టే తొడిగినాడు. చిన్నాయన హ్యాండిలు పట్టినాడు, బొటనవేలు జాగ్రత్తగా పక్కనపెట్టి. రెండు దగ్గులు దగ్గి లేచింది. జొన్నచొప్ప వేళ్ళ పొడుగు ముక్కలై కుప్ప పడుతుంటే మా అబ్బ మంచం మీదనే లేచి కూచుని చెవి ఒగ్గినాడు. ఇరవై దెబ్బలకొకటి ఇంకా మింగుతూనే ఉంది. "అదే కదా?" అన్నాడు. అదే అన్నాను.

కత్తిరించిన చొప్ప ఒక దోసెడు తెమ్మన్నాడు. తెచ్చిస్తే వాసన చూసినాడు.